ఇల్లు లేచేదాకా షెడ్డులో కాపురం: గుంటూరు ఎండల్లో కుదిరే పనేనా?

వైండింగ్ మేస్త్రి (గుంటూరు):

అందరికీ నమస్కారం. నాది మోటార్ వైండింగ్ పని. బోరు మోటార్లు, మిక్సీలు, ఫ్యాన్లు, ఏదొస్తే అది. గోరంట్లలో అమరావతి రోడ్డు నుంచి లోపలికి ఎనిమిది సెంట్ల స్థలం కొనుక్కున్నా. వెనకవైపు 20 అడుగుల వెడల్పు, 40 అడుగుల పొడవున రేకుల షెడ్డు వేసి ఆరేళ్ళయింది. పని అక్కడే. ముందువైపు ఖాళీ స్థలంలో ఈ ఏడు ఇల్లు మొదలుపెడదామని ప్లాన్ గీయించాం.

ఇప్పుడు ఉండేది బ్రాడీపేటలో అద్దెకి. నెలకు 13,500, నీళ్ళకీ మెట్లు ఊడ్చే ఆవిడకీ వేరే. ఏడాదిన్నరకి లెక్కేస్తే రెండున్నర లక్షలు దాటుతోంది. అంత డబ్బు ఓనరు చేతిలో పోసే బదులు షెడ్డులో సగం గోడ పెట్టుకుని అందులోనే ఉందామని నా ఆలోచన. 22 అడుగులు కాపురానికి, 18 అడుగులు పనికి. మా ఆవిడ ఊ అనలేదు, ఊహూ అనలేదు. అమ్మాయి ఇంటర్ ఫస్టియర్, అబ్బాయి ఏడో తరగతి.

అసలు చిక్కు అమ్మతో. 71 ఏళ్ళు. "పెళ్ళైన కొత్తలో పూరింట్లో ఉన్నా, తర్వాత పెంకుటింట్లో ఉన్నా, నువ్వు సంపాదించాక డాబాలో ఉన్నా. ఇప్పుడీ వయసులో రేకుల కిందకి దించుతావా నాయనా" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు.

ఎండ సంగతి నాకు తెలియనిది కాదు. పోయిన మేలో బల్ల మీద పెట్టిన టేపు చుట్టలు జిగురు కరిగి ఒకదానికొకటి అంటుకుపోయి ఒకే ముద్దయ్యాయి. మధ్యాహ్నం రెండింటికి కటింగ్ ప్లేయర్ పట్టుకోవాలంటే గుడ్డ చుట్టుకోవాల్సి వచ్చేది. నేనంటే సాయంత్రం ఇంటికెళ్ళిపోయేవాణ్ణి. ఇక ఇల్లే అదైతే?

నిజంగా ఇలా ఉండి చూసినవాళ్ళు చెప్పండి. వేడికి ఏం చేశారు, బాత్రూం ఎలా, కరెంటు మీటరు సంగతేంటి? "జనం ఏమనుకుంటారు" అని మాత్రం చెప్పొద్దు. అది మా బావమరిది ఇప్పటికే నాలుగుసార్లు చెప్పాడు.

గంగూరు కోడలు (బెజవాడ బందరు రోడ్డు):

అన్నయ్యా, మేం 19 నెలలు ఉన్నాం. మా ఆయనది గేట్లు, గ్రిల్స్ పని. మీది రాగి, మాది ఇనుము, అంతే తేడా.

ఒక్క మాట ముందు చెప్పేస్తా, మిగతావి చదివినా చదవకపోయినా పర్లేదు. బాత్రూం పూర్తయి, దానికి తలుపు బిగించి, లోపల గడియ పడ్డాకే సామాన్లు ఎత్తండి. మేం తొందరపడ్డాం. అద్దింటి ఓనరు ఒకటో తారీకుకి ఖాళీ చేయమన్నాడు, మా మేస్త్రి "రెండ్రోజుల్లో అయిపోద్దమ్మా" అన్నాడు. ఆ రెండ్రోజులు 23 రోజులైంది. పక్కింటావిడ మంచిది కాబట్టి వాళ్ళ బాత్రూం వాడుకోనిచ్చింది. కానీ చీకటి పడ్డాక ఎన్నిసార్లని వాళ్ళ గేటు కొడతాం? మా అమ్మాయి సాయంత్రం ఆరు దాటితే మంచినీళ్ళు తాగడం మానేసింది. నాకు చెప్పలేదు. పదిరోజులయ్యాక స్కూలు బాటిల్ నిండుగా తిరిగొస్తుంటే అడిగితే అప్పుడు చెప్పింది. మీ ఇంట్లో ఇంటర్ చదివే ఆడపిల్ల ఉందని ఇంత గట్టిగా చెప్తున్నా.

ఆ బాత్రూం, సెప్టిక్ ట్యాంకు తాత్కాలికంగా కట్టొద్దు. రేపటి ఇంటికి ట్యాంకు ఎక్కడ రావాలో అక్కడే తవ్వించండి. మేం వాయవ్యంలో పెట్టాం. సిద్ధాంతి గారూ సరేనన్నారు, మేస్త్రీ సరేనన్నాడు. ఆ ఇద్దరూ ఒక మాట మీదకొచ్చింది మొత్తం ఇంటిలో అదొక్క విషయంలోనే.

ఇక వేడి. మావి సిమెంటు రేకులు. ఉగాది కాగానే సున్నం చిక్కగా కలిపి, కాస్త ఫెవికాల్ వేసి రెండు కోట్లు కొట్టించాం. తేడా తెలుస్తుంది. లోపల తలకి సెగ కొట్టడం తగ్గుతుంది. అంతేగాని చల్లబడుతుందని ఎవరైనా చెబితే నమ్మొద్దు. రోహిణి కార్తెలో పన్నెండు నుంచి నాలుగు దాకా మేం లోపల లేం. వేపచెట్టు కింద మంచాలు, లేదంటే పిల్లల్ని తీసుకుని అమ్మ వాళ్ళింటికి. వడగాడ్పు కొట్టే రోజుల్లో కూలర్ బాగానే పనిచేసింది. గాలి ఆగిపోయి ఉక్కపోసే రోజుల్లో మాత్రం అదే కూలర్ ఇల్లంతా తడి గుడ్డలా చేసింది. అప్పుడు అందులో నీళ్ళు పోయకుండా ఉత్త ఫ్యాన్‌లా తిప్పుకునేవాళ్ళం.

ఎండ గురించి అందరూ చెప్తారు, చప్పుడు గురించి ఎవరూ చెప్పరు. వాన పడితే ఒకరి మాట ఒకరికి వినపడదు. మా అబ్బాయి ఫోన్లో లెక్కల క్లాసు వింటూ నెత్తిమీద దుప్పటి కప్పుకుని కూర్చునేవాడు. పొద్దున్నే రేకు మీద కాకులు నడిస్తే ఎవరో బూట్లేసుకుని తిరుగుతున్నట్టుండేది.

ఇంకొకటి, గోడ. పని చేసే భాగానికీ కాపురానికీ మధ్య ఏడడుగులు లేపి ఆపేశాం, పైన గాలి ఆడుతుందని. ఒకరోజు దోసెల పిండిలో ఏదో మెరిసింది. వేలితో తీసి చూస్తే ఇనుప రజను. గ్రైండింగ్ మిషన్ నుంచి లేచింది గోడ దాటి వచ్చి గిన్నెలో పడింది. పిండి మొత్తం పారబోసి, ఆ వారంలోనే గోడను రేకు దాకా కట్టించి, సందుల్లో కూడా సిమెంటు కుక్కించా. గాలి కావాలంటే బయటి గోడకి కిటికీ పెట్టుకోండి, పని వైపు మాత్రం చిన్న కంత కూడా వద్దు.

బాధలే చెప్పాను కదా, లాభం కూడా ఉంది. అది అద్దె మిగలడం ఒక్కటే కాదు. నేను అక్కడే ఉన్నా కాబట్టి సిమెంటు బస్తాల లెక్క నాదే. స్లాబు మీద మడులు కట్టి నీళ్ళు నిలబెట్టింది నేనే. మేస్త్రి మనిషిని పెడతానన్నాడు, ఆ మనిషి వస్తే వచ్చాడు, లేదంటే లేదు. పొద్దునా సాయంత్రం మెట్లెక్కి మడిలో చెయ్యి పెట్టి చూసేదాన్ని. రాత్రిపూట ఊచల ముక్కలు ఎత్తుకుపోయేవాళ్ళు మా వైపు రావడం మానేశారు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్ నగర్ మునిగినప్పుడు మా ఆడపడుచు వాళ్ళు నలుగురు మా షెడ్డులోనే తొమ్మిది రోజులున్నారు. అంతకుముందు "రేకుల షెడ్డా వదినా" అని మూతి తిప్పింది తనే. ఇప్పుడు అనదు లెండి.

సైటు ఇంజనీరు:

గంగూరు అక్కగారి అనుభవం చాలా విలువైంది. ఒక్కచోట మాత్రం ఆపాలి. సున్నం సిమెంటు రేకులకి సరే. వైండింగ్ మేస్త్రిగారూ, మీవి జింకు పూత రేకులో, రంగు రేకులో అయితే సున్నం కొట్టొద్దు. సున్నానికి ఉన్న క్షారగుణం జింకునీ అల్యూమినియాన్నీ తింటుంది. మీరు వేడి తగ్గిందని సంతోషపడేలోపు రేకు తుప్పు పడుతుంది. రేకుల కోసం తెల్లటి కూల్ రూఫ్ పెయింట్లు దొరుకుతాయి, అవి వేయించండి. సిమెంటు రేకులున్నవాళ్ళు కూడా ఒకటి గుర్తుంచుకోండి. పాతవాటిలోనే కాదు, ఇప్పుడొచ్చే చాలావాటిలో కూడా ఆస్‌బెస్టాస్ ఉంటుంది. కాపురం ఉన్న చోట వాటికి బెజ్జాలు వేయడం, కోయడం, గరుకు కాగితంతో రుద్దడం చేయొద్దు. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే బయటికి రాదు.

రేకు కింద సీలింగ్ వేస్తే రేకుకీ సీలింగుకీ మధ్య కనీసం ఓ అడుగు ఖాళీ వదిలి, ఆ ఖాళీకి రెండు వైపులా జాలీలు పెట్టండి. వేడిగాలి అక్కడే బందీ అయితే రాత్రి పది దాటినా గది చల్లారదు. జనవరి మంచులో తెల్లవారుజామున రేకు లోపలివైపు చెమర్చి బొట్లు పడతాయి. అప్పుడు చూరు కారుతోందని మేస్త్రిని తిట్టకండి.

ఇప్పుడు అసలు భయం. మీరు రాయలేదు గానీ వైండింగ్ అంటే వార్నిష్, థిన్నర్ ఉంటాయి కదా. పాత కాయిల్ విప్పడానికి కాల్చే అలవాటు కూడా చాలామందికి ఉంది. పిల్లలు పడుకునే కప్పు కిందే ఆ పొగ కుదరదు. వార్నిష్ డబ్బాలు, ఆరబెట్టే పని బయట విడిగా ఒక చిన్న పందిరి కిందకి మార్చండి. జనరేటర్ ఉంటే అది కూడా బయటే. దాని పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. గ్యాస్ సిలిండర్ విషయానికొస్తే, వంట గ్యాస్ గాలికన్నా బరువు, లీకైతే నేల మీదే పరుచుకుంటుంది. వంట గోడకి కింది భాగంలో కూడా ఒక జాలీ ఉండాలి.

మీకు కరెంటు గురించి నేను చెప్పడం తాతకు దగ్గులు నేర్పడమే అవుతుంది. అయినా చెప్తా. షెడ్డు మొత్తం ఇనుము. ఎక్కడో ఒక వైరు ఒలిచిపోతే స్తంభం నుంచి తలుపు గడియ దాకా అన్నీ కొడతాయి. ఫ్రేముకి విడిగా ఎర్తింగ్, కాపురం వైపు లైనుకి 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే లైను ఆపేసే స్విచ్చు) తప్పనిసరి. షెడ్డుకి ఉన్న పరిశ్రమ మీటరు మీదే సంసారం నడపొద్దు. ఇంటి వాడకానికి వేరే మీటరు, కట్టుబడికి తాత్కాలిక కనెక్షన్ తీసుకోండి. ఒక అవసరానికి ఇచ్చిన కరెంటు ఇంకోదానికి వాడితే 2003 విద్యుత్ చట్టం సెక్షన్ 126 కింద రెట్టింపు టారిఫ్‌తో లెక్కగడతారు.

మధ్య గోడ గురించి. మీ నేల నల్లరేగడే అయి ఉంటుంది, గుంటూరు చుట్టుపక్కల ఎక్కువ అదే. ఎండకి బీటలిచ్చి, వానకి ఉబ్బుతుంది. ఉత్త గచ్చు మీద గోడ లేపితే మొదటి వానాకాలమే మూలగా చీలుతుంది. కింద చిన్న బీమ్ పోసి దాని మీద లేపండి. ఇబ్రహీంపట్నం థర్మల్ బూడిదతో చేసే ఇటుకలైతే చవకగా అయిపోతుంది.

చివరగా అమ్మగారి సంగతి. బాత్రూం కోసం ఎలాగూ పునాది తీస్తారు. దాన్ని ఆనుకుని 10×11 గది ఒకటి కలిపి స్లాబు వేసేయండి. ఎండపొద్దు పడే పడమర గోడ తొమ్మిదంగుళాలది పెట్టండి. ఇల్లయ్యాక అది మీ సామాన్ల గది అవుతుంది. అంతవరకు ఆవిడ రేకుల కింద ఉండక్కర్లేదు. ప్లాన్‌లో షెడ్డునీ ఈ గదినీ రెండింటినీ చూపించండి, దాచొద్దు.

పసుపు గోదాము (దుగ్గిరాల):

నేను అందరికీ ఎదురు చెప్తా, ఏమనుకోకండి. వెళ్ళొద్దు.

మేం కూడా ఏడాదిన్నర అనుకునే వెళ్ళాం. మా నాన్నగారి పసుపు గోదాములో. నాలుగేళ్ళ రెండు నెలలు ఉన్నాం. తెల్ల చొక్కా అన్నది వేసుకోలేదు ఆ నాలుగేళ్ళూ. స్లాబు పడింది, డబ్బు అయిపోయింది. ఆ సంవత్సరం పసుపు ధర లేదు. సరే వచ్చే ఏడు చూద్దాం అనుకున్నాం. ఎందుకు అనుకోగలిగామంటే, తల మీద ఏదో ఒక కప్పు ఉంది కాబట్టి. అద్దింట్లో ఉన్నవాడికి ప్రతి ఒకటో తారీకూ గుచ్చుకుంటుంది. ఎలాగోలా అప్పో సొప్పో చేసి తలుపులు బిగించుకుని వెళ్ళిపోతాడు. గోదాములో మాకు ఆ పోటు లేకపోయింది. ఈ పండక్కి టైల్స్, ఆ పండక్కి రంగులు అనుకుంటూ పోయాం.

మా చెల్లెలి పెళ్ళిచూపులు తెనాలిలో మా పిన్ని వాళ్ళింట్లో పెట్టుకున్నాం. పిల్లవాడి తండ్రి కాఫీ తాగుతూ "మీదేనా ఇల్లు" అని అడిగితే మా నాన్న "మా మరదలిది, మాది కడుతున్నాం" అన్నాడు. ఎన్నేళ్ళ నుంచి అని ఆయన అడగలేదు. అడిగితే ఏం చెప్పేవాడో.

డబ్బు మొత్తం చేతిలో ఉంటే వెళ్ళండి. సగం ఉంటే అద్దెలోనే ఉండండి.

గంగూరు కోడలు:

దుగ్గిరాల అన్నయ్య మాట నేను కాదనను. మాకూ అదే అయ్యేది. పదిహేనో నెలలో మా ఆయన షెడ్డు గోడకి ఏసీ పెట్టిద్దామన్నాడు. నేను ఆ డబ్బు తీసుకుని నేరుగా కొత్తింటి మెయిన్ డోరుకి అడ్వాన్సు ఇచ్చేశా. షెడ్డు మరీ సుఖంగా ఉండకూడదు. ఒక గది, వంటిల్లు, బాత్రూం అవగానే రంగులు లేకుండానే పాలు పొంగించుకుని వెళ్ళిపోయాం. మేడమెట్లకి రెయిలింగ్ ఇప్పటికీ లేదు. గ్రిల్స్ చేసేవాడి ఇల్లు కదా, అంతే.

లోను ఆఫీసు మనిషి:

ఒక చిన్న విషయం. ఇంటి లోను విడతలవారీగా ఇస్తారు కాబట్టి కట్టే కాలంలో తీసుకున్నంత దానికి వడ్డీ కట్టుకుంటూ పోతారు. పాత ఆదాయపు పన్ను విధానంలో ఉంటే ఆ వడ్డీ వృథా కాదు. ఇల్లు పూర్తయిన ఏడాది నుంచి ఐదు సమాన భాగాలుగా పన్ను మినహాయింపుకి చూపించుకోవచ్చు. సొంతంగా ఉండే ఇంటికి ఏడాదికి మొత్తం 2 లక్షల పరిమితిలోనే అది రావాలి. లోను తీసుకున్న ఆర్థిక సంవత్సరం ముగిశాక ఐదేళ్ళలోపు ఇల్లు పూర్తి కావాలి, లేదంటే ఆ పరిమితి 30 వేలకి పడిపోతుంది. కొత్త విధానంలో సొంతంగా ఉండే ఇంటికి ఈ మినహాయింపే లేదు. మీరు ఏ విధానంలో ఉన్నారో ముందు చూసుకోండి. పాస్‌బుక్, బిల్లులు షెడ్డులో ఎలకలకి దొరక్కుండా ఇనుప పెట్టెలో పెట్టండి. ఇది మాత్రం నా సొంత అనుభవం.

వైండింగ్ మేస్త్రి (గుంటూరు):

అందరికీ పేరు పేరునా దండాలు. రాత్రి ఇదంతా మా ఆవిడకి చదివి వినిపించా. సాయంత్రం ఆరు తర్వాత నీళ్ళు మానేసిన పిల్ల దగ్గర ఆపమంది. తర్వాత చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. పొద్దున లేచి "బాత్రూం అయ్యాక చెప్పు, అప్పుడు వస్తా" అంది. ఇన్ని రోజుల్లో తను చెప్పిన మొదటి మాట అది.

కాబట్టి ఈ వేసవి బ్రాడీపేటలోనే. ముందు సెప్టిక్ ట్యాంకు, బాత్రూం, దాన్ని ఆనుకుని ఇంజనీరు గారు చెప్పిన గది. ఆషాఢంలో సామాను కదల్చనివ్వరు గనుక శ్రావణంలో మారతాం. వచ్చే ఉగాదికల్లా పెద్ద స్లాబు పడాలి. పడకపోతే మళ్ళీ అద్దెకి పోతామని మా ఆవిడ నా చేత కాలెండర్ మీద రాయించింది. దుగ్గిరాల అన్నా, ఆ రాత మీ పుణ్యమే. డబ్బు సగానికి కాస్త ఎక్కువే ఉంది. మిగతాది లోను.

వార్నిష్ సంగతి మీరు చెప్పేదాకా నాకు తట్టలేదు. పద్దెనిమిదేళ్ళుగా ఆ వాసనలోనే ఉన్నా, నా ముక్కుకి అది వాసనే కాదు. నిన్న అబ్బాయిని షెడ్డుకి తీసుకెళ్తే గుమ్మంలోనే చొక్కా కాలరు ముక్కుకి అడ్డం పెట్టుకున్నాడు. పందిరికి గుంజలు కావాలని చెప్పి వచ్చా.

అమ్మని కూడా ఆటోలో తీసుకెళ్ళి స్థలం చూపించా. గది వచ్చే చోట ముగ్గు గీసి ఉంది. ఆ గీతల మధ్యలో కుర్చీ వేయించుకుని కూర్చుని ఎటు గాలి వస్తుందో చూసుకుంది. కిటికీ ఉత్తరానికి పెట్టమంది. పాలు మాత్రం ఇక్కడ పొంగించొద్దు, అసలింట్లోనే ఒకేసారి అంది. ఇక ఒప్పుకున్నట్టే అనుకుని లేవబోతుంటే, "మరి నా రోలు ఎక్కడ పెడతావు" అని అడిగింది. అది మా అమ్మమ్మ ఇచ్చిన రాతి రోలు, ఇద్దరు మనుషులు పట్టాలి. గంగూరు చెల్లెమ్మా, మీరు రోలు లోపల పెట్టుకున్నారా, బయటా?

గంగూరు కోడలు:

బయటే అన్నయ్యా, బాత్రూం గోడ పక్కన నీడలో. కాకపోతే రాత్రిపూట దానిమీద పళ్ళెం బోర్లించి రాయి పెట్టండి. మాది తెరిచి వదిలేస్తే వాన నీళ్ళు నిండి కప్ప కాపురం పెట్టింది.